లెక్క వేయకముందే లెక్కను చూడండి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాలలో ఉంటున్న తెలుగు పాఠకుల నుంచి నోటి లెక్కల గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాము. అడిగినవారి పేర్లు ప్రకటించడం లేదు. ఊరి పేరు మాత్రమే ఇస్తున్నాము.

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ బ్యాంకు పరీక్షలకు సిద్ధమవుతున్నాను. పద్ధతులన్నీ తెలుసు, జవాబులు కూడా సరిగానే వస్తాయి, కానీ సమయం చాలడం లేదు. నాతో చదివే ఒక అమ్మాయి 68ని 72తో హెచ్చవేయమంటే కాగితం ముట్టకుండానే చెప్పేస్తుంది. ఆమెకు జ్ఞాపకశక్తి ఎక్కువ కావడం వల్ల అలా వస్తోందా, లేక అది అభ్యాసంతో వచ్చేదేనా? (గుణుపురం, రాయగడ జిల్లా)

జవాబు: అభ్యాసంతో తప్పక వస్తుంది. అయితే దేనిని అభ్యసించాలో ముందు తెలియాలి. 68 × 72 ను బడిలో నేర్చుకున్న పద్ధతిలో చేస్తే 136, 4760 అనే రెండు లబ్ధాలను మనసులో నిలుపుకొని, స్థానాలు తప్పకుండా వాటిని కూడవలసి వస్తుంది. మీ స్నేహితురాలు ఆ రెండు సంఖ్యలూ 70కి అటు రెండు, ఇటు రెండు దూరంలో ఉన్నాయని గమనించి, 70 వర్గమైన 4900 నుంచి 2 వర్గమైన 4ను తీసివేసి 4896 అని చెప్పి ఉంటుంది. రెండు సంఖ్యల మొత్తాన్ని వాటి భేదంతో గుణిస్తే వాటి వర్గాల భేదం వస్తుందని హైస్కూలులో మీరూ చదువుకున్నారు. ఆ సర్వసమీకరణాన్ని ఆమె అంకెలలో గుర్తుపట్టగలుగుతోంది, మీరు అక్షరాలలో మాత్రమే గుర్తుపడుతున్నారు.

జ్ఞాపకశక్తి సంగతి కూడా చెప్పాలి. మనిషి ఒకేసారి మనసులో నిలుపుకోగల విషయాలు ఏడుకు కొంచెం అటూ ఇటూగా ఉంటాయని జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1956లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో రాశారు. తరువాత వచ్చిన పరిశోధకులు ఆ పరిమితిని ఇంకా తగ్గించి నాలుగు దగ్గర నిలిపారు. ఈ పరిమితి వేగంగా చేసేవారికీ ఉంటుంది. కానీ బాగా పరిచయమైన అమరిక ఎన్ని అంకెలతో ఉన్నా మనసులో ఒకే విషయంగా చోటు చేసుకుంటుంది కాబట్టి, 4900 అన్న సంఖ్య 70 వర్గంగా తెలిసినవారికి అది ఒక్క వస్తువు, తెలియనివారికి నాలుగు అంకెలు. నోటి లెక్కలో ఆలస్యమూ పొరపాటూ ఎక్కువగా పుట్టేది గుణించే చోట కాదు, మధ్యలో వచ్చిన అంకెలను మోసుకుపోయే చోట.

అందువల్ల లెక్క కనపడగానే చేయడం మొదలుపెట్టకుండా, ఆ సంఖ్యలు దేనికి దగ్గరగా ఉన్నాయి, వేటి గుణకారం వల్ల ఏర్పడ్డాయి, చివరి అంకెలు ఏమిటి అని క్షణకాలం చూడడం అలవాటు చేసుకోండి. 999 × 47 కనబడితే అది 47,000లో 47 తక్కువ, అంటే 46,953. 35 × 18 లో ఒక సంఖ్యను రెట్టింపు చేసి రెండోదానిని సగం చేస్తే 70 × 9, అంటే 630. 125 × 8 = 1000, 25 × 4 = 100 కాబట్టి, 125 కనబడిన చోట 8 కోసం, 25 కనబడిన చోట 4 కోసం వెతకాలి. 96 × 97 లో రెండూ వందకు దగ్గరివి. ఒకటి 4 తక్కువ, ఇంకొకటి 3 తక్కువ. రెండు కొరతలనూ కలిపి వందలో తీసివేస్తే 93, రెండు కొరతలను గుణిస్తే 12, కాబట్టి జవాబు 9312. పదుల అంకె ఒకటే అయి, ఒకట్ల అంకెల మొత్తం 10 అయితే, పదుల అంకెను దాని తరువాతి అంకెతో గుణించి, పక్కన ఒకట్ల లబ్ధాన్ని రెండు స్థానాలలో రాస్తే చాలు: 63 × 67 లో 6 × 7 = 42, 3 × 7 = 21, జవాబు 4221. ఒకట్ల లబ్ధం ఒకే అంకె అయితే ముందు సున్నా పెట్టాలన్న సంగతి మరవకండి; 61 × 69 జవాబు 4209 అవుతుంది గాని 429 కాదు.

ఇచ్చిన నాలుగు జవాబులలో ఒకటి ఎంచుకోవలసిన పరీక్షలో మొత్తం లెక్క చేయవలసిన అవసరం చాలాసార్లు ఉండదు. 347 × 268 కు 92,896, 92,986, 92,996, 93,006 అని నాలుగు జవాబులు ఇచ్చారనుకోండి. నాలుగూ 6తోనే ముగుస్తున్నాయి కాబట్టి చివరి అంకె సాయం చేయదు. అంకెల మొత్తం చూడండి: 347 అంకెల మొత్తం 14, దానిని మళ్ళీ కూడితే 5; 268 అంకెల మొత్తం 16, మళ్ళీ కూడితే 7; 5 × 7 = 35, మళ్ళీ కూడితే 8. నాలుగు జవాబులలో అంకెల మొత్తం చివరకు 8 అయ్యేది 92,996 ఒక్కటే.

శ్రేణుల విషయంలో ఒక మాట. 2, 6, 12, 20, 30 తరువాత ఏమిటని అడిగితే, తేడాలు 4, 6, 8, 10 కాబట్టి 42 అని చెప్పడం సరైనదే. కానీ అవి 1 × 2, 2 × 3, 3 × 4 అన్న వరుసలో ఉన్నాయని కూడా చూసినవారు యాభయ్యవ పదం 50 × 51, అంటే 2550 అని అడగగానే చెప్పగలరు. ఒక అమరిక దొరికిన తరువాత రెండోదాని కోసం ఇంటి దగ్గర తీరికగా వెతకడమే నా దృష్టిలో అసలైన అభ్యాసం. గడియారం పెట్టుకొని చేసే అభ్యాసం చివరి నెలకు చాలు. అంతకుముందు 30 వరకు వర్గాలు, 12 వరకు ఘనాలు నోటికి వచ్చేటట్లు చూసుకొని, చేసిన ప్రతి లెక్కనూ వేరే దారిలో ఇంకొకసారి చేయండి. రెండు మూడు క్షణాలు చూసినా ఏ అమరికా తోచకపోతే ఆగిపోకూడదు; 73 × 46 వంటి దానిని ఎడమవైపు నుంచి, 70 × 46 = 3220, 3 × 46 = 138, మొత్తం 3358 అని తిన్నగా చేసేయాలి. ప్రతి లెక్కలోనూ కిటుకు ఉంటుందనుకొని వెతుకుతూ కూర్చునేవారు కిటుకు తెలియనివారికంటే ఎక్కువ సమయం పోగొట్టుకుంటారు.

ప్రశ్న: ఇక్కడి మిర్చి మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో పద్దులు రాస్తాను. సాయంత్రం మొత్తాలు సరిచూసేటప్పుడు తేడా వస్తే ఎక్కడ పొరపాటు జరిగిందో కనిపెట్టడానికి చాలాసేపు పడుతోంది. ఈమధ్య ఒకరోజు 270 రూపాయల తేడా వచ్చింది. తేడాను బట్టి పొరపాటును పట్టుకునే ఉపాయం ఉందా? తూకాన్ని ధరతో త్వరగా గుణించే దారి కూడా చెప్పగలరు. (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

జవాబు: ఉంది. ఇది చాలా పాతది, నమ్మదగినది. తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే, ఎక్కడో రెండు అంకెలు తారుమారయ్యాయేమో అని ముందుగా అనుమానించాలి. ఒకట్ల, పదుల అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9కి గుణిజంగా ఉంటుంది. పదుల, వందల అంకెలు తారుమారైతే 90కి గుణిజంగా ఉంటుంది. ఏ రెండు అంకెలు మారాయో వాటి భేదమే ఆ గుణిజంలో కనిపిస్తుంది. మీ తేడా 270 అంటే 90 × 3. కాబట్టి పద్దులన్నీ మొదటి నుంచి చదవకుండా, వందల అంకెకూ పదుల అంకెకూ మధ్య 3 భేదం ఉన్న పద్దులను మాత్రమే చిట్టీలతో పోల్చి చూడండి. 4,740 రాయవలసిన చోట 4,470 రాసినట్లయితే సరిగ్గా ఈ తేడాయే వస్తుంది. అక్కడ దొరకకపోతే తేడాలో సగమైన 135 రూపాయల పద్దు కోసం చూడండి. జమలో రాయవలసినది ఖర్చులో రాస్తే తేడా ఆ మొత్తానికి రెట్టింపు అవుతుంది. అయితే ఊరికే వచ్చిన తేడాలలో కూడా ఇంచుమించు తొమ్మిదింట ఒకటి 9తో భాగింపబడుతుంది కాబట్టి ఇది వెతకవలసిన చోటును చూపిస్తుందే గాని పొరపాటును నిర్ధారించదు.

దీనికి కారణం తెలిస్తే ఉపాయం మరుపున పడదు. 10 అంటే 9, దాని మీద 1; 100 అంటే 99, దాని మీద 1. ప్రతి స్థానంలోనూ 9తో భాగించగా మిగిలేది 1 కాబట్టి, ఒక సంఖ్యను 9తో భాగిస్తే వచ్చే శేషం, దాని అంకెల మొత్తాన్ని 9తో భాగిస్తే వచ్చే శేషం ఒకటే. అంకెల చోట్లు మార్చినా వాటి మొత్తం మారదు. అందుకే రెండింటి తేడా 9తో తెగిపోతుంది. ఇదే కారణం వల్ల, పైన గుణుపురం పాఠకురాలికి చెప్పిన అంకెల మొత్తం పరీక్ష తారుమారైన అంకెలను ఎన్నటికీ పట్టుకోలేదు. మీవంటివారు దానిని ఒక్కదానినే నమ్ముకోకూడదు. కుడివైపు నుంచి అంకెలను ఒకసారి కూడుతూ, మరొకసారి తీసివేస్తూ పోయే 11 పరీక్ష పక్కపక్క అంకెల తారుమారును తప్పకుండా పట్టుకుంటుంది: 4,740కి 0 − 4 + 7 − 4 = −1, 4,470కి 0 − 7 + 4 − 4 = −7.

మీ రాష్ట్రంలోనే దహాణూలో 1905లో పుట్టి, నాసిక్ దగ్గరి దేవళాలీలో బడిపంతులుగా పనిచేసిన డి. ఆర్. కాప్రేకర్ 1949లో కనుగొన్న 6174 కూడా ఈ కుటుంబంలోదే. అంకెలన్నీ ఒకేలా లేని ఏ నాలుగంకెల సంఖ్యనైనా తీసుకొని, దాని అంకెలను పెద్ద నుంచి చిన్నకు, చిన్న నుంచి పెద్దకు అమర్చి, మొదటిదాని నుంచి రెండోదానిని తీసివేస్తూ పోతే ఏడు మెట్లు దాటకుండా 6174 వస్తుంది. 3524తో మొదలుపెడితే 5432 − 2345 = 3087; 8730 − 0378 = 8352; 8532 − 2358 = 6174. మధ్యలో వచ్చే ప్రతి సంఖ్యా 9తో భాగింపబడడం గమనించండి.

తూకానికి వస్తే, ధరను గాని తూకాన్ని గాని పావు, అర, అరపావు భాగాలుగా చూడడం అన్నిటికంటే తేలిక. క్వింటాలు 14,400 రూపాయలైతే 62.5 కిలోల ధర ఎంత? 62.5 అంటే వందలో ఎనిమిదింట ఐదు భాగాలు. 14,400లో ఎనిమిదో వంతు 1,800, దానికి ఐదు రెట్లు 9,000. కిలో 175 చొప్పున 36 కిలోలైతే, ఒకటి రెట్టింపు చేస్తూ ఇంకొకటి సగం చేస్తూ పోతే 18 × 350, తరువాత 9 × 700, అంటే 6,300. 18 శాతం పన్ను కట్టవలసిన చోట 20 శాతం కట్టి, అందులో పదో వంతు తగ్గించండి: 650కి 130, అందులో 13 పోతే 117.

ప్రశ్న: 1 + 4 = 5, 2 + 5 = 12, 3 + 6 = 21 అయితే 8 + 11 ఎంత అన్న పజిల్ ఫోన్లలో తిరుగుతోంది. మా తరగతిలో కొందరు పిల్లలు 40 అన్నారు, కొందరు 96 అన్నారు. ఉపాధ్యాయుడిగా దేనికి మార్కు వేయాలి? (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

జవాబు: 40 అన్నవారు పై వరుస జవాబును కింది వరుస మొత్తానికి కలుపుతున్నారు: 5 + 2 + 5 = 12, 12 + 3 + 6 = 21, 21 + 8 + 11 = 40. 96 అన్నవారు రెండు సంఖ్యల లబ్ధానికి మొదటి సంఖ్యను కలుపుతున్నారు: 1 × 4 + 1 = 5, 2 × 5 + 2 = 12, 3 × 6 + 3 = 21, 8 × 11 + 8 = 96. నియమం ముందుగా చెప్పలేదు కాబట్టి కారణం చెప్పిన ప్రతి పిల్లవాడికీ మార్కు వేయవలసిందే.

కానీ అక్కడితో ఆగకండి, ఎందుకంటే ఈ పజిల్లో అసలు అందం ఇంకా ముందుంది. మూడో వరుస తరువాత 4 + 7, 5 + 8, 6 + 9, 7 + 10 అనే నాలుగు వరుసలు దాటవేశారని పిల్లల చేత గుర్తింపజేసి, మొదటి పద్ధతిలోనే వాటిని పూరించమనండి. 21 + 11 = 32, 32 + 13 = 45, 45 + 15 = 60, 60 + 17 = 77, చివరకు 77 + 19 = 96. రెండు నియమాలూ వేరువేరని వాదించుకున్న పిల్లలు, వరుస తెగకుండా ఉంటే అవి ఒకే నియమమని తామే కనుక్కుంటారు. అందుకే నా మొగ్గు 96 వైపు.

పై తరగతులవారికి ఇంకొక జాగ్రత్త నేర్పాలి. వృత్తం అంచు మీద బిందువులు పెట్టి, ప్రతి రెండింటినీ గీతతో కలిపి, లోపల మూడు గీతలు ఒకే చోట కలవకుండా చూసుకుంటే, ఒకటి నుంచి ఐదు బిందువుల వరకు ఏర్పడే భాగాలు 1, 2, 4, 8, 16. ఆరో బిందువుకు 32 అని అందరూ చెబుతారు. లెక్కపెడితే 31 వస్తాయి. అలాగే ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యను, 41ని కలిపితే 0 నుంచి 39 వరకు అన్నీ ప్రధాన సంఖ్యలే వస్తాయని ఆయిలర్ కాలం నుంచి తెలుసు. 40 దగ్గర వచ్చే 1681 మాత్రం 41 వర్గం. నలభై సార్లు నిలబడిన అమరిక కూడా కారణం తెలియనంతవరకు ఊహ మాత్రమేనని పిల్లలకు ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు కనబడదు.

ప్రశ్న: ఇటువంటి కిటుకులన్నీ వేదాలలో ఉన్నాయని అంటారు. నిజమేనా? (జయపురం, కోరాపుట్ జిల్లా)

జవాబు: వేద గణితం పేరుతో ప్రచారంలో ఉన్న 16 సూత్రాలను అందించినవారు, 1925 నుంచి 1960లో పరమపదించేవరకు మీ రాష్ట్రంలోని పూరీ గోవర్ధన మఠానికి పీఠాధిపతిగా ఉన్న భారతీ కృష్ణ తీర్థస్వామి. ఆయన గ్రంథం 1965లో వెలువడింది. ఆ సూత్రాలు మనకు లభిస్తున్న అథర్వవేద పరిశిష్టాలలో (అనుబంధ గ్రంథాలలో) కనిపించవని పండితులు స్పష్టంగా చెప్పారు. పద్ధతులు మాత్రం సరైనవి, చాలావరకు ఉపయోగపడేవి. ‘నిఖిలం నవతశ్చరమం దశతః’ ప్రకారం 10,000 నుంచి 6,378 తీసివేయాలంటే మొదటి మూడు అంకెలను 9 నుంచి, చివరి అంకెను 10 నుంచి తీసివేస్తే 3,622 వచ్చేస్తుంది; అరువు తెచ్చుకోవలసిన పని లేదు. ఇది 10,000ను 9,999గానూ 1గానూ విడదీయడమే. ఏ సూత్రానికైనా వెనుక ఉన్న ఇటువంటి బీజగణితాన్ని అడిగి తెలుసుకోండి. అది చెప్పలేని శిక్షకుడికి డబ్బు కట్టవద్దని నా సలహా.

ప్రశ్న: మా బాబు ఒడియా మాధ్యమంలో నాలుగో తరగతి చదువుతున్నాడు. బడిలో పణికియా (ఎక్కాలు) ఒడియాలో, ఇంట్లో నాయనమ్మ దగ్గర ఎక్కాలు తెలుగులో చదువుతాడు. రెండూ కలిసి తికమక పడుతున్నాడు. ఏది మాన్పించాలి? (బరంపురం, గంజాం జిల్లా)

జవాబు: అమ్మా, ఏదీ మాన్పించవద్దు, అయితే లెక్క చేసేటప్పుడు ఒక భాషలోనే చేయనివ్వండి. ఎక్కం చెవికీ నోటికీ అంటుకున్న వరుస. దానిని మధ్యలో వేరే భాషలోకి మార్చుకుంటే ఆ శ్రమ కూడా మనసు మోయవలసిన బరువు అవుతుంది. బడిలో రోజూ వాడేది ఒడియా కాబట్టి గుణకారం ఆ భాషలోనే స్థిరపడితే నష్టం లేదు. తెలుగులో మాత్రం వేరే పని చేయించవచ్చు. తెలుగులో ఇరవై ఒకటి, ముప్పై ఏడు అని పదులు ముందు, ఒకట్లు తరువాత విడివిడిగా పలుకుతాము. ఒడియాలోనూ మరాఠీలోనూ వంద లోపు సంఖ్యలకు చాలావరకు రెండూ కలిసిపోయిన రూపాలు ఉంటాయి. కాబట్టి ఎడమవైపు నుంచి చేసే కూడికలను, 47 + 38 అంటే నలభై, ముప్పై కలిపి డెబ్భై, ఏడు, ఎనిమిది కలిపి పదిహేను, మొత్తం ఎనభై అయిదు అని నాయనమ్మ దగ్గర తెలుగులో చేయించండి. తొమ్మిదో ఎక్కంలో 9, 18, 27, 36 అని పదులు పెరుగుతూ ఒకట్లు తగ్గుతూ ఉండడం వాడే కనిపెట్టే వరకు మీరు చెప్పకండి.

ప్రశ్న: 12345679ని 9తో గుణిస్తే తొమ్మిది ఒకట్లు వస్తాయని మా నాన్నగారు చూపించారు. ఇటువంటివి ఇంకా ఉన్నాయా? ఎలా తయారు చేస్తారు? (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

జవాబు: ఉన్నాయి, వెయ్యి సంవత్సరాలకు పైగా ఉన్నాయి. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో జీవించిన జైన గణితవేత్త మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే లబ్ధాలను దండలుగా కూర్చి లెక్కలు ఇచ్చాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. 139 × 109 = 15151, 152207 × 73 = 11111111 వంటివి ఈ కోవలోవి. తయారు చేసే దారి వెనుక నుంచి ఉంటుంది. ఎనిమిది ఒకట్ల సంఖ్య 1111 × 10001. అందులో 1111 అంటే 11 × 101, 10001 అంటే 73 × 137. ఈ నాలుగింటిలో 73ను పక్కన పెట్టి మిగిలిన మూడింటినీ గుణిస్తే 152207 వస్తుంది. 137ను పక్కన పెడితే మరొక జత దొరుకుతుంది. అది మీరు చేసి చూడండి.

ఇదే దారిలో 7 × 11 × 13 = 1001 కాబట్టి, ఏ మూడంకెల సంఖ్యనైనా పక్కపక్కన రెండుసార్లు రాస్తే అది ఈ మూడింటితోనూ తెగుతుంది: 347347ను 7తో భాగిస్తే 49621, దానిని 11తో భాగిస్తే 4511, దానిని 13తో భాగిస్తే మళ్ళీ 347. నాలుగంకెల సంఖ్యను రెండుసార్లు రాసి ఇదే ఆట ఆడాలంటే 73తో ఒకసారి, 137తో ఒకసారి భాగించమనాలి.